నిప్పు కప్పెట్టడమా, పాతర వెయ్యడమా?

అగ్గిపెట్టెలు ఇంటింటికీ రాని రోజుల్లో మన ఇళ్ళల్లో రాత్రిపూట పొయ్యి పూర్తిగా ఆర్పేవారు కాదు. వంట అయ్యాక నిప్పుల్ని ఒక మూలకు చేర్చి, ఒక పిడక పెట్టి, పైన బూడిద కప్పి పడుకునేవారు. తెల్లవారి బూడిద తీసి రెండుసార్లు ఊదితే చాలు, పొయ్యి లేచి కూర్చునేది. ఏ కారణం చేతనైనా ఆ నిప్పు ఆరిపోయిందా, ఇల్లాలు పిడక పట్టుకుని పొరుగింటికి నడవాల్సిందే. అది ఆవిడకి కాస్త నామోషీ కూడాను!

ఇదొక దాపు. రెండో దాపు పాతర. జొన్నలు ఇంటికి వచ్చాక భూమిలో గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, గింజలు పోసి, పైన మట్టి కప్పేవారు. పాతరకు రాత్రిళ్ళు కాపలా కూర్చుని ఊదే పని లేదు. నెలల తరబడి దాని జోలికి వెళ్ళకపోయినా గింజ గింజగానే ఉంటుంది. కాకపోతే తియ్యాలంటే తవ్వాలి. ఆ తవ్వేదాకా పొయ్యిమీద ఎసరు ఆగాలి.

ఇవాళ మనలో చాలామంది ఇళ్ళల్లో ఆ పొయ్యీ లేదు, ఆ పాతరా లేదు. కానీ ఆ రెండు దాపులూ చల్లగా వచ్చి మన కంప్యూటర్లో కూర్చున్నాయి. ఒకదాని పేరు స్లీప్, రెండోదాని పేరు హైబర్నేట్. రెంటినీ తెలుగులో "నిద్ర" అనే అంటున్నాం గానీ, అత్తాకోడళ్ళకు ఉన్నంత తేడా ఉంది వాటికి.

స్లీప్ అంటే నిప్పు కప్పెట్టడం. తెర ఆరిపోతుంది, ఫ్యాను ఆగిపోతుంది, లోపలి ప్రాసెసర్ పడుకుంటుంది. మెమరీకి మాత్రం సన్నటి ధారగా కరెంటు అందుతూనే ఉంటుంది. మీరు సగం రాసి వదిలేసిన ఉత్తరం, తెరిచి పెట్టిన నాలుగు కిటికీలు అన్నీ ఆ మెమరీలోనే ఉంటాయి. మూత తీస్తే రెండు క్షణాల్లో ఎక్కడివక్కడే కనిపిస్తాయి. హైబర్నేట్ అంటే పాతర. మెమరీలో ఉన్నదాన్నంతా హార్డ్ డిస్కులోనో, దాని స్థానంలో వచ్చిన ఎస్ఎస్‌డీలోనో ఒక పెద్ద ఫైలుగా రాసిపెట్టి, యంత్రం పూర్తిగా ఆగిపోతుంది. ఆ తర్వాత ప్లగ్గు పీకేసినా, బ్యాటరీ ఊడదీసినా, నెల్లాళ్ళు ఊరెళ్ళి వచ్చినా ఫరవాలేదు. మళ్ళీ బటన్ నొక్కినప్పుడు ఆ ఫైలు చదువుకుని, వదిలిన చోటునుంచే లేస్తుంది. కాస్త ఆలస్యంగా లేస్తుందనుకోండి.

ఇంతే కదా, ఇందులో వ్యాసం రాసేంత ఏముంది అంటారా? ఉంది. ఈ రెంటిలో ఏది ఎంచుకున్నామన్నదాన్ని బట్టి కొన్ని సంగతులు దక్కుతాయి, కొన్ని దక్కవు.

మా ఆడబిడ్డ కూతురు కొత్తగూడలో టీచరు. నర్సంపేట దాటి, పాకాల అడవి వైపు పోతే వస్తుంది ఆ ఊరు. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా. చుట్టూ అడవి, కోయగూడేలు, లంబాడీ తండాలు. ఆ పిల్లకి ఒక మంచి పిచ్చి ఉంది. తన బడిపిల్లల నాయనమ్మల్ని, అమ్మమ్మల్ని కూర్చోబెట్టి, అడవిలో దొరికే ఆకులు, గడ్డలు, వాటి పేర్లు, వండే పద్ధతులు అడిగి రాసుకుంటుంది. కోయ మాటని తెలుగు లిపిలోనే రాసి, పక్కన అర్థం పెడుతుంది.

ఒక ఎండాకాలం ఆదివారం మధ్యాహ్నం ఒక అవ్వ ఎప్పుడూ లేనంత హుషారుగా కూర్చుని మూడు గంటలసేపు చెప్పింది. ఏ గడ్డ ఏ నెలలో తవ్వాలి, చేదు గడ్డని ఎన్ని నీళ్ళు మార్చి ఉడికించాలి, కరువు ఏడు తన తల్లి ఏం పెట్టి పిల్లల్ని సాకింది, అన్నీ. మా పిల్ల పాత ల్యాప్‌టాప్‌లో, ఉత్త నోట్‌ప్యాడ్‌లో టకటకా కొట్టుకుంటూ పోయింది. ఆ ల్యాప్‌టాప్ బ్యాటరీ ఏనాడో చచ్చింది. గోడకున్న తీగే దానికి ఊపిరి. సాయంత్రం అవ్వని గూడెందాకా సాగనంపడానికి మూత వేసి లేచింది. మూత వేస్తే స్లీప్. అంతలో గాలిదుమారం లేచింది, ఎక్కడో కొమ్మ విరిగి తీగమీద పడింది. ఆ రాత్రంతా కరెంటు లేదు. తెల్లవారి చూస్తే యంత్రం ఏమీ ఎరగనట్టు మొదటినుంచీ మొదలైంది.

"మూత ఏస్తె పండుకుంటది అనుకున్న అత్తమ్మా, సచ్చిపోతది అనుకోలె" అంది ఫోనులో.

అవ్వ వారం తర్వాత మళ్ళీ చెప్పింది, పాపం. కానీ "చెప్పిందే గదా బిడ్డా" అంటూ ముక్తసరిగా ముగించేసింది. కరువు ఏటి సంగతి ఎత్తనే లేదు. మనుషుల మాటలు అంతే కదండీ, రెండోసారి అడిగితే మొదటిసారి ఉన్న రుచి ఉండదు.

నేను చదివింది బి.ఏ. యంత్రం లోపల ఏం జరుగుతుందో నాకు అంత తొందరగా అర్థం కాదు. అందుకని అది ఎక్కడినుంచి వచ్చిందో, ఎవరి ఇంట్లో పుట్టిందో వెతుక్కుంటాను. మనుషుల్ని అర్థం చేసుకునే పద్ధతి కూడా అదేగా. అలా వెతికితే తెలిసిందేమిటంటే, కంప్యూటరు పుట్టుకతో ఇంత మతిమరుపుది కాదు.

1950లలో అమెరికాలో ఎంఐటీ అనే విద్యాసంస్థలో వర్ల్‌విండ్ అని ఒక కంప్యూటర్ ఉండేది. 1953లో దానికి అయస్కాంత కోర్ మెమరీ పెట్టారు. అంటే ఆవగింజలంత చిన్న ఫెరైట్ వలయాలు వేలకొద్దీ. వాటిలోంచి సన్నని రాగి తీగలు అడ్డంగా నిలువుగా దూర్చి అల్లిన వల. ఒక్కో వలయం ఒక్కో "అవును" లేక "కాదు"ని గుర్తుపెట్టుకుంటుంది. కరెంటు పోయినా అయస్కాంతం అయస్కాంతమే కాబట్టి జ్ఞాపకం చెక్కుచెదరదు. బొంబాయిలో 1960లో పనిచెయ్యడం మొదలుపెట్టిన టిఫ్రాక్ కంప్యూటర్‌లోనూ ఇలాంటి మెమరీయే. 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ పుట్టింది. దాన్ని నిలబెట్టినవారు మన పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు. ఆయన పేరే ఏ.ఎస్.రావు నగర్‌కి పెట్టారు. ట్రాంబేలో రూపుదిద్దుకుని 1969లో వెలుగుచూసిన టీడీసీ-12 కంప్యూటర్‌ని తయారుచేసింది ఈ ఈసీఐఎల్లే. కోర్ మెమరీల కాలం అది.

ఆ వలలు అల్లింది ఎవరనుకున్నారు? ఎక్కువభాగం ఆడవాళ్ళు. కుట్టుపనీ అల్లికపనీ తెలిసిన చేతులు కావాలి, ఓర్పు కావాలి, కంటిచూపు కావాలి. చంద్రుడి మీదికి వెళ్ళిన అపోలో నౌకల్లో ప్రోగ్రాములు దాచిన తాళ్ళ మెమరీని కూడా అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో వాల్తామ్ ఊళ్ళో ఆడవాళ్ళే సూదితో అల్లారు. తీగ వలయంలోంచి పోతే ఒకటి, పక్కనుంచి పోతే సున్నా. ఇంజనీర్లు దానికి సరదాగా "ముసలమ్మల మెమరీ" అని పేరు పెట్టుకున్నారట. 1969 నవంబరు 14న అపోలో-12 లేచిన నిమిషంలోపే దానిమీద రెండుసార్లు పిడుగు పడింది. నౌకలో విద్యుత్తు అంతా తలకిందులైపోయింది. కానీ కంప్యూటర్ జ్ఞాపకం పోలేదు. ముసలమ్మల అల్లిక మరి!

మరి మన యంత్రాలకి ఈ మతిమరుపు ఎక్కడినుంచి అంటుకుంది? చవకదనం నుంచి. 1966లో ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్ అనే ఇంజనీరుకి ఒక ఆలోచన వచ్చింది. వలయం బదులు చిప్పు మీద సూక్ష్మమైన చిన్న కుండ లాంటిది పెట్టి, అందులో కాసింత విద్యుత్తు నింపితే ఒకటి, నింపకపోతే సున్నా. 1970లో ఇంటెల్ కంపెనీ ఆ పద్ధతిలో చిప్పు చేసి అమ్మకానికి పెట్టింది. చేతి అల్లిక అక్కర్లేదు, చోటు తక్కువ, ధర తక్కువ, వేగం ఎక్కువ. కొద్ది ఏళ్ళలో కోర్ వలలు మూలపడ్డాయి. కాకపోతే ఆ కుండకి చిల్లు ఉంది. నింపిన విద్యుత్తు కారిపోతూనే ఉంటుంది. అందుకని సెకనుకి పదిహేను సార్ల చొప్పున ప్రతి కుండనీ చూసి మళ్ళీ నింపుతూ ఉండాలి. నింపే చెయ్యి ఆగిందా, మొత్తం ఖాళీ. ఇవాళ్టికీ మన కంప్యూటర్లో ఉన్నది ఆ చిల్లు కుండల వరసే. స్లీప్‌లో కూడా కరెంటు ధార ఆపకూడనిది ఇందుకే.

ఇక స్లీప్ ఊరూరా ఎలా పాకిందో చెబుతాను. 1992లో అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ "ఎనర్జీ స్టార్" అనే ముద్ర మొదలుపెట్టింది. మొట్టమొదట ఆ ముద్ర వేసింది కంప్యూటర్లకీ మానిటర్లకీనే. షరతు ఏమిటంటే, వాడనప్పుడు అది తనంతట తానే పడుకోవాలి, పడుకున్నప్పుడు 30 వాట్లకి మించి తాగకూడదు. మరుసటి ఏడు అధ్యక్షుడు క్లింటన్ ప్రభుత్వ కార్యాలయాలు ఆ ముద్ర ఉన్న కంప్యూటర్లే కొనాలని ఉత్తర్వు ఇచ్చాడు. అంత పెద్ద కొనుగోలుదారు అడిగాక ఏ కంపెనీ కాదంటుంది? 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కంపెనీలు కలిసి ఏసీపీఐ అనే నిబంధనలు రాశాయి. నిద్రకి మెట్లు కట్టారు అందులో. మూడో మెట్టు మన స్లీప్, నాలుగో మెట్టు హైబర్నేట్, అయిదోది పూర్తిగా ఆపెయ్యడం. 2000 సంవత్సరంలో వచ్చిన విండోస్‌లో హైబర్నేట్ చేరింది.

ఆ స్లీప్ వెనక ఉద్దేశం మంచిదే. కానీ దానికి ఆధారం ఏమిటో గమనించండి. గోడలో కరెంటు ఎప్పుడూ ఉంటుందన్న నమ్మకం. వాషింగ్టన్ కార్యాలయంలో రాత్రి కరెంటు పోవడం విశేషం. మన దగ్గర అది పోకపోవడమే విశేషంగా ఉన్న రోజులు ఉన్నాయి. 2012, 13 నాటి కోతలు మీకు గుర్తుండే ఉంటాయి. కంప్యూటర్ కొన్నవాళ్ళు దానితోపాటే యూపీఎస్ కూడా మోసుకొచ్చుకునేవారు. తర్వాత పరిస్థితి చాలా మారింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి కూడా 24 గంటల సరఫరా మొదలుపెట్టారు. అయినా అడవి మీదుగా పోయే తీగకి గాలితో ఒప్పందం లేదు కదా! కొత్తగూడకి ఎంతో దూరం లేని తాడ్వాయి అడవిలో 2024 ఆగస్టు 31న వచ్చిన పెనుగాలికి వేలాది చెట్లు వేళ్ళతో సహా కూలాయి. ఆ మర్నాడే వరదకి మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం దగ్గర రైలుపట్టాల కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఇనుపపట్టాలకే దిక్కులేనప్పుడు తీగల మాట చెప్పాలా?

హైబర్నేట్ అన్న మాట కూడా చలిదేశాల సరుకే. శీతాకాలం అనే అర్థమున్న లాటిన్ మాటనుంచి పుట్టింది. అక్కడి ఎలుగుబంట్లు మంచు పడితే గుహలోకి వెళ్ళి నెలల తరబడి పడుకుంటాయి. పాకాల అడవిలో తిరిగే మన ఎలుగుబంటికి ఆ అలవాటు లేదు. ఏడాదంతా పుట్టలు తవ్వుకుంటూ తిరుగుతూనే ఉంటుంది. మన దగ్గర దాపుకి వెళ్ళేది కప్ప. ఎండలకి మట్టిలో దిగబడి, తొలకరి పడగానే బెకబెకమంటూ పైకొస్తుంది. చలిదేశపు పేరు పెట్టుకున్నా, హైబర్నేట్ నిజంగా అక్కరకొచ్చేది మన కప్పలుండే చోటే అని నాకు అనిపిస్తుంది.

సరే, ఒకవైపే మాట్లాడితే పెళ్ళిళ్ళ పేరయ్య మాటలా ఉంటుంది. రెంటి లోపాలూ చెప్పుకుందాం.

స్లీప్‌లో మొదటి లాభం వేగం. పాలు పొంగుతున్నాయని లేచివెళ్ళి వచ్చేలోపు పడుకుని, రాగానే లేస్తుంది. కరెంటు ఖర్చు కూడా భయపడాల్సినంత ఉండదు. స్లీప్‌లో యంత్రం రెండు వాట్లు తాగుతుందనుకోండి, ఏడాది పొడుగునా పడుకోబెట్టినా 17 యూనిట్ల పైచిలుకు. అదే 60 వాట్లు తాగే కంప్యూటర్‌ని రాత్రి పది గంటలు ఊరికే వెలిగించి వదిలేస్తే, ఏడాదికి 219 యూనిట్లు. కాబట్టి ఊరికే వదిలెయ్యడం కన్నా ఏ నిద్రయినా మేలే. హైబర్నేట్‌లో ఆ రెండు వాట్లు కూడా దాదాపు మిగులుతాయి.

హైబర్నేట్‌కి చోటు కావాలి. విండోస్‌లో మామూలుగా మెమరీలో అయిదింట రెండువంతులు, అంటే 8 జీబీ మెమరీ ఉంటే మూడు జీబీల పైచిలుకు, డిస్కులో దానికోసం అట్టేపెడుతుంది. పాత హార్డ్ డిస్కు అయితే లేవడానికి నిమిషం దాకా తీసుకోవచ్చు. ఎస్ఎస్‌డీ మీద మాటిమాటికీ రాస్తే అది అరిగిపోతుందని కొందరు భయపెడతారు. ఎంత రాసినా కొంత అరుగుదల ఉన్నమాట నిజమే. కానీ రోజుకి ఒకటి రెండుసార్లు పడుకోబెట్టే ఇంటి వాడకానికి అది లెక్కలోకి వచ్చేది కాదు. రోజూ తోమితే గిన్నె అరుగుతుందని తోమడం మానేస్తామా?

దొంగభయం మాట కూడా ఉంది. మన ఆడవాళ్ళ పాటల్లో ఊర్మిళ పద్నాలుగేళ్ళు నిద్రపోయి లేచి, ఎదురుగా ఉన్నది లక్ష్మణుడే అయినా పోల్చుకోలేక ఎవరు నువ్వంటూ నిలదీస్తుంది. యంత్రం కూడా లేవగానే అలా నిలదియ్యాలి. అంటే లేచినప్పుడు పాస్‌వర్డ్ అడిగేట్టు పెట్టుకోవాలి. అయితే స్లీప్‌లో ఉన్న యంత్రానికి అది ఒక్కటే చాలదు. మెమరీలో అన్నీ మెలకువగానే ఉంటాయి గదా! 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కరెంటు తీసేశాక కూడా మెమరీ చిప్పుల్లో సంగతులు కాసేపు నిలుస్తాయనీ, చిప్పుని చల్లబరిస్తే ఇంకా ఎక్కువసేపు నిలుస్తాయనీ, వాటిని చదివెయ్యొచ్చనీ చూపించారు. చిల్లు కుండ కూడా ఒక్కసారిగా ఖాళీ కాదన్నమాట. డిస్కుకి తాళం, అంటే ఎన్‌క్రిప్షన్, వేసుకున్నవాళ్ళకి ప్రయాణాల్లో హైబర్నేటే క్షేమం.

ఇంకో తమాషా. 2012లో విండోస్ 8 వచ్చాక మైక్రోసాఫ్ట్ పాతర తలుపుని మెనూలోంచి తీసేసి లోపలెక్కడో పెట్టింది. పైగా, ఫాస్ట్ స్టార్టప్ అని పెట్టి, మనం షట్‌డౌన్ నొక్కినా సగం పాతర వేసి పడుకునేట్టు చేసింది. అందుకే యంత్రం మొరాయించినప్పుడు షట్‌డౌన్ కన్నా రీస్టార్ట్ చెయ్యమంటారు. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో స్లీప్ కూడా మారింది. సెల్‌ఫోనులాగా పడుకునే ఉత్తరాలు అందుకుంటూ ఉంటాయి. సంచీలో పెట్టుకుని బస్సెక్కితే, దిగేసరికి వేడెక్కి, బ్యాటరీ అయిపోయి కూర్చునేవి ఇవే. పసిపిల్లల నిద్ర మాదిరి, కళ్ళు మూసుకున్నారని నమ్మేందుకు లేదు!

బ్యాటరీ బాగున్న ల్యాప్‌టాప్ అయితే, చార్జి అడుగంటినప్పుడు చాలావరకు తనే హైబర్నేట్‌లోకి దిగిపోతుంది. బ్యాటరీ చచ్చినదానికి ఆ వ్యవధి ఉండదు, తీగ ఊడిన క్షణమే ఆఖరు. బ్యాటరీ లేని డెస్క్‌టాప్‌లకోసం 2007లో విండోస్ విస్టాతో రెండూ కలిపిన పద్ధతి ఒకటి వచ్చింది. నిప్పు కప్పెడుతూనే పాతర కూడా వేస్తుంది. కరెంటు ఉంటే చిటికెలో లేస్తుంది, పోతే పాతరలోంచి తీసుకుంటుంది. దాని పేరు హైబ్రిడ్ స్లీప్. మీ డెస్క్‌టాప్‌లో ఉంటే వదులుకోకండి.

నా మాట ఇది. పక్కగదిలోకి వెళ్ళి వచ్చేటప్పుడు స్లీప్. రాత్రి పడుకునేటప్పుడు, ఊరెళ్ళేటప్పుడు, మబ్బు పట్టినప్పుడు హైబర్నేట్. ముసలి బ్యాటరీతో నెట్టుకొచ్చే యంత్రానికైతే మూత వెయ్యడానికే హైబర్నేట్ అర్థం చెప్పాలి. అది మెనూలో కనిపించకపోతే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, బటన్లు ఏం చెయ్యాలో నిర్ణయించే చోట హైబర్నేట్ పక్కన టిక్కు పెట్టుకోవచ్చు. మూత వేస్తే ఏం కావాలో కూడా అక్కడే ఉంటుంది. అయిదు నిమిషాల పని. మీకు చేతకాదనుకుంటే ఇంట్లో ఇంటర్మీడియెట్ చదివే పిల్లాడికి చెప్పండి, చేసి పెడతాడు.

ఒక్కటి మాత్రం పిల్లాడికి వదలకండి. ఏ నిద్రా సేవ్‌కి బదులు కాదు. కంట్రోల్, ఎస్, ఈ రెండు మీటలూ కలిపి నొక్కాకే మూతమీద చెయ్యి వెయ్యండి. ఆఫీసు లెక్కలు పోతే మళ్ళీ వేసుకోవచ్చు, జీతం ఇచ్చి వేయిస్తారు కూడా. ఇంట్లో పెద్దావిడ నోట విని రాసుకున్న వంట, పాట, చుట్టరికాల వరస, అవి ఒక్కసారి చెప్పే మాటలు. వాటిని మాత్రం పాతరలోనే దాచండి.